నాలుగు జీబీలతో ఆ మే నెల

2021 ఏప్రిల్ 19 రాత్రి పది గంటలకి ఢిల్లీకి తాళం పడింది. మర్నాడు ఒక్కరోజే నగరంలో 28,395 కొత్త కరోనా కేసులని వార్త. ముందు ఆరు రోజులే అన్నారు. ఆ తర్వాత వారం వారం పెంచుకుంటూ నెలాఖరు దాటించి మే చివరిదాకా తీసుకెళ్ళారు. మా ఆయనకి జ్వరం ఏప్రిల్ ఆఖరి వారంలో మొదలైంది.

మేముండేది వసంత్ కుంజ్‌ సి సెక్టార్లో పాత డీడీఏ ఫ్లాటు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. లోపలి గది ఆయనకి, హాలు నాకు. మధ్యలో తలుపు, తలుపు ముందు ఒక స్టూలు. కంచం, మందులు, నీళ్ళు ఆ స్టూలు మీద పెట్టి వెనక్కి రావాలి. చుట్టూ పెద్ద ఆసుపత్రులున్న పేటే ఇది. 2020 జూలైలో ప్లాస్మా బ్యాంకు తెరిచిన కాలేయ వ్యాధుల సంస్థ ఇక్కడే ఉంది, వెన్నెముక గాయాల ఆసుపత్రి ఇక్కడే ఉంది. కానీ అప్పటికి ఢిల్లీలో ఏ మూలకి ఫోన్ చేసినా పడక లేదన్న మాటే. ఆక్సీమీటరు 91 చూపిస్తే ఊపిరి పీల్చుకున్నాం, 88 చూపిస్తే మళ్ళీ ఫోన్లు మొదలు. ఇంట్లోనే బోర్లా పడుకోబెట్టి, అద్దెకి దొరికిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టి, ఒక డాక్టరు గారు వీడియోలో చూసి చెప్పినట్టు నడుపుకొచ్చాం.

ఇదంతా నడిచింది ఒక పాత లాప్‌టాప్ మీద. నాలుగు జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్, ఉబుంటు లినక్స్ 20.04. నేను సర్వే లెక్కలు సరిచేసే ఉద్యోగం చేస్తాను, మామూలు రోజుల్లో దానికి అది చాలేది. ఆ రోజుల్లో దాని మీద ఒకేసారి ఏమేం తెరిచి ఉండేవో చెప్తాను. సిలిండర్లు ఎక్కడ నింపుతున్నారో ఎవరెవరో కలిసి రాస్తున్న పెద్ద పెద్ద షీట్లు. అందులో సగం నంబర్లు పలకవు, పలికినవాటిలో కొన్ని మోసం. మునిర్కా, బేర్ సరాయ్ వైపు ఉండే తెలుగు పిల్లలు పంపే జాబితాలు. ఆఫీసు ఫైళ్ళు. వీటన్నిటి వెనకాల రాత్రీ పగలూ ఆగని వీడియో కాల్. ఆయన ఫోన్‌ని మంచం పక్కన దిండుకి ఆనించి పెట్టాం. ఆ కాల్లో హాల్లోంచి నేను, భీమవరం నుంచి అత్తయ్య, కూకట్‌పల్లి నుంచి మరిది. నా ఫోన్ సిలిండర్ల నంబర్లకి చేసుకోవడానికే సరిపోయేది.

మొదటి రెండు రోజులు లాప్‌టాప్ నత్తనడక నడిచింది. తర్వాత నిలబడిపోవడం మొదలుపెట్టింది. కర్సర్ కదలదు, గడియారంలో నిమిషం మారదు, డిస్కు దీపం మాత్రం ఆరకుండా వెలుగుతూ ఉంటుంది, లోపల నుంచి గరగరమని సన్నటి మోత. ఆయన ముఖం తెరమీద అలాగే ఉండిపోయేది. బోర్లా పడుకున్న మనిషి ఎలాగూ పెద్దగా కదలడు. కదలనిది ఆయనా, తెరా? లేచి వెళ్ళి తలుపు తీసి వీపు పైకీ కిందకీ ఆడుతోందో లేదో చూసి వచ్చేదాన్ని. అలా ఎన్నిసార్లు లేచానో లెక్క లేదు.

ఒక రాత్రి ఫోన్ మోగింది, అత్తయ్య. "అమ్మాయ్, వాడు మంచినీళ్ళు అడుగుతున్నాడే, ఇందాకట్నుంచీ. నీకు వినపడట్లేదా?"

భీమవరంలో వినపడింది. మధ్య తలుపు ఉన్న హాల్లో నాకు వినపడలేదు. ఆ గొంతు తలుపు దాటేంత బలంగా లేదు, దాన్ని నా చెవికి చేర్చాల్సిన లాప్‌టాప్ ఎప్పుడో బిగుసుకుపోయి ఉంది.

మే 6న ఇంటి దగ్గర ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళు సిలిండర్ కోసం ఢిల్లీ ప్రభుత్వ పోర్టల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. ఫొటో గుర్తింపు కార్డు, ఆధార్ వివరాలు, పాజిటివ్ రిపోర్టు కావాలి. అన్నీ స్కాన్ చేసి ఎక్కిస్తుండగా బ్రౌజర్ మాయమైపోయింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ర్యామ్ పూర్తిగా అయిపోతే లినక్స్ కెర్నెల్ ఎవరో ఒకరిని బలి ఇస్తుంది, ఎక్కువ తింటున్న ప్రోగ్రాం ఏదో చూసి దాన్ని చంపేస్తుంది. ఆ ఎక్కువ తింటున్నది ఎప్పుడూ బ్రౌజరే. దాంతోపాటు వీడియో కాలూ పోయింది, ఫారమూ పోయింది.

ర్యామ్ కార్డు కొని పెట్టుకుంటే పోయేది. లాప్‌టాప్‌లో ఒక స్లాట్ ఖాళీగానే ఉంది. కానీ నెహ్రూ ప్లేస్ మూసి ఉంది. ఆన్‌లైన్లో తెప్పించుకుందామంటే అప్పుడు నిత్యావసరాలే ఇంటికి తెచ్చేవారు, ర్యామ్ ఆ జాబితాలో లేదు.

మరిది హైదరాబాదులో సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాడు. అన్నయ్య దగ్గరకి రాలేక, అక్కడ కూర్చుని ఏం చేయాలో తెలియక, గంటకోసారి ఆక్సిజన్ ఎంతని అడిగేవాడు. ఆ రాత్రి మాత్రం వేరే ప్రశ్న అడిగాడు. "వదినా, హ్యాంగ్ అయినప్పుడు డిస్కు మోత వస్తోందా?" వస్తోందన్నాను. "అయితే అది స్వాప్. ఫోన్ స్పీకర్లో పెట్టి టెర్మినల్ తెరవండి."

అతను చెప్పిందాన్ని నాకు అర్థమైనట్టు చెప్తాను. ర్యామ్ నిండినప్పుడు కంప్యూటర్ అందులో ప్రస్తుతం అవసరం లేని పేజీల్ని తీసి డిస్కు మీద పెడుతుంది. పేజీ అంటే నాలుగు కేబీ ముక్క. మళ్ళీ కావలసినప్పుడు తెచ్చుకుంటుంది. స్వాప్ అంటే ఇదే. తిరిగే డిస్కు మీద ఒక్కో ముక్క వెతికి తేవడానికి పది మిల్లీ సెకన్ల దాకా పడుతుంది. వేల ముక్కలు ఒకేసారి కావాలంటే తెర బిగుసుకుపోక ఏమవుతుంది? దీనికి అతను చెప్పిన మందు జెడ్‌ర్యామ్ అనే కెర్నెల్ భాగం. అది ఆ ముక్కల్ని డిస్కుకి పంపదు. ర్యామ్‌లోనే ఒక డిస్కు ఉన్నట్టు నటిస్తుంది. దానికి ఇచ్చిన పేజీని కుదించి, ర్యామ్‌లోనే ఒక మూల దాచుతుంది. తిరిగి అడిగితే విప్పి ఇస్తుంది. ఆ విప్పడం మైక్రో సెకన్ల పని. "ఇల్లు పెద్దది కాదు వదినా, బీరువాలో దుప్పట్లు నొక్కి మడుస్తున్నామంతే," అన్నాడు.

ఒక్కో కమాండూ అక్షరం అక్షరం చెప్పాడు, జెడ్ ఫర్ జీబ్రా అంటూ. మధ్యలో లోపలి గదిలోంచి దగ్గు వినపడితే ఇద్దరం ఆగేవాళ్ళం. ముందు మాడ్‌ప్రోబ్‌తో జెడ్‌ర్యామ్‌ని కెర్నెల్లోకి ఎక్కించాం, ఒక్క పరికరం చాలని చెప్పి. అది జెడ్‌ర్యామ్ సున్నా అన్న పేరుతో ప్రత్యక్షమైంది. తర్వాత కుదించే పద్ధతి ఎంచుకోవాలి. ఎల్‌జెడ్‌ఫోర్ పెట్టమన్నాడు. జెడ్‌స్టాండర్డ్ ఇంకా బాగా కుదిస్తుంది కానీ ప్రాసెసర్‌కి పని ఎక్కువ, ఈ పాత రెండు కోర్లకి వద్దన్నాడు. ఆ తర్వాతే సైజు. ఈ వరస తప్పకూడదు. సైజు ఇచ్చాక పద్ధతి మార్చబోతే డివైస్ బిజీ అంటుంది, రీసెట్ చేసి మొదటికి రావాలి. సైజు మూడు జీబీ ఇచ్చాం. ఉన్నవే నాలుగైతే అందులో మూడు ఎక్కడివని అడిగాను. అది కుదించక ముందు లెక్కట, అంతా ముందే పట్టుకుని కూర్చోదు, నిండేకొద్దీ తీసుకుంటుంది. ఎమ్‌కేస్వాప్‌తో దాన్ని స్వాప్‌గా సిద్ధం చేసి, స్వాపాన్‌తో ప్రాధాన్యం వంద ఇచ్చి తెరిచాం. డిస్కు మీదున్న పాత స్వాప్ ఫైలుని తీసేయలేదు. దాని ప్రాధాన్యం అడుగున ఉంటుంది కాబట్టి ఇది నిండితేనే అటు వెళ్తుంది. చివరికి కెర్నెల్ ఎంత తొందరగా స్వాప్‌కి దిగాలో చెప్పే స్వాపీనెస్‌ని అరవై నుంచి వందకి పెంచమన్నాడు, ఇప్పుడు స్వాప్ చేయడం చవక కాబట్టి కెర్నెల్ మొహమాటపడక్కర్లేదని.

ఇలాంటి రెండో పరికరం చేసి బ్రౌజర్ తాత్కాలిక ఫైళ్ళని కూడా అందులో పెట్టొచ్చట. చేద్దామా అన్నాను. ఉన్న ర్యామే నాలుగు, అత్యాశ వద్దన్నాడు.

అన్నీ మళ్ళీ తెరిచాను. షీట్లు, ఫారం, వీడియో. డిస్కు దీపం మినుకు మినుకుమని ఆరిపోయింది. జెడ్‌ర్యామ్‌సీటీఎల్ అని కొడితే చిన్న పట్టిక వచ్చింది. డేటా ఒకటిన్నర జీబీ, కుదించాక అర జీబీ చిల్లర. మూడో వంతు. వెబ్ పేజీల సరంజామా అంతా అక్షరాలూ, ఖాళీలూ, సున్నాలూ, కాబట్టి బాగా తగ్గింది. పూర్తిగా సున్నాలే ఉన్న పేజీకైతే అసలు చోటే ఇవ్వదు, సున్నా అని రాసుకుంటుందంతే. ముందే కుదించి ఉన్న ఫొటోలూ వీడియోలూ మాత్రం ఇంకా నొక్కినా తగ్గవు, వాటిని ఉన్నదున్నట్టే దాచాల్సి వస్తుంది. అంచేత ఇది అందరికీ మూడు రెట్లు ఇస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

తెల్లవారుజామున ఫారం పంపగలిగాను. మొదటి సిలిండర్ మాత్రం మునిర్కా కుర్రాళ్ళ ద్వారానే వచ్చింది. ఇద్దరు దాన్ని మూడంతస్తులు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి, నీళ్ళైనా తాగకుండా ఇంకో ఇంటికి వెళ్ళిపోయారు. మా పై ఇంటి పెద్దాయన ఆ వారమే పోయారు. మే 17న ప్లాస్మా చికిత్సని ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లోంచి తీసేసింది. అప్పటిదాకా నా షీట్లలో సగం దాని కోసం తెరిచినవే. ఆ వారాంతానికి ఆయనకి యంత్రం లేకుండా 94 నిలబడింది.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, జెడ్‌ర్యామ్‌ని మొదలుపెట్టింది నితిన్ గుప్తా అనే మనవాడేనని. మొదట దాని పేరు కంప్‌క్యాష్. 2009 చివర్లో లినక్స్ కెర్నెల్ స్టేజింగ్ విభాగంలో చేరి, తర్వాత జెడ్‌ర్యామ్ అయి, 2014 మార్చిలో వచ్చిన 3.14లో అసలు కెర్నెల్లోకి ప్రమోషన్ పొందింది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచి చవక ఫోన్లకి ఇదే ఆధారం. ఫెడోరా లినక్స్ వాళ్ళు 2020 అక్టోబరులో 33వ విడుదలతో ఎవరూ అడక్కుండానే పెట్టి ఇచ్చారు. అదీ పద్ధతి. కెర్నెల్లో ఏళ్ళ తరబడి సిద్ధంగా ఉన్నదాన్ని జనం అవసరం మీదపడ్డాక ఫోన్లో అక్షరం అక్షరం అడిగి పెట్టుకోవడం నాకిప్పటికీ నచ్చదు.

జూన్ 7న సరి బేసి పద్ధతిలో మార్కెట్లు తెరిచాక నెహ్రూ ప్లేస్ వెళ్ళి ఇంకో నాలుగు జీబీ కొన్నాను. జెడ్‌ర్యామ్‌ని తీసేయలేదు. రీబూట్ చేస్తే అది పోతుంది కాబట్టి బూట్ అయినప్పుడల్లా దానంతటదే లేచేలా మరిది ఒక చిన్న సర్వీస్ రాసి పంపాడు.

మీ ఇంట్లో లినక్స్ ఉన్న పాత లాప్‌టాప్ ఉంటే ఇవాళే టెర్మినల్ తెరిచి జెడ్‌ర్యామ్‌సీటీఎల్ అని కొట్టి చూడండి. ఏమీ రాకపోతే అది లేనట్టు. ఉబుంటులో జెడ్‌ర్యామ్ కాన్ఫిగ్ అన్న ప్యాకేజీ వేసుకుంటే ఈ కమాండ్లేవీ అక్కర్లేకుండా అదే ఏర్పాటు చేస్తుంది. డబ్బు ఖర్చు లేదు. అవసరం రాకముందే పెట్టుకోండి.