గుడ్డు ఎవరు తిన్నారు?

మా వదిన మొదటి కాన్పులో బిడ్డ రెండు కిలోలు కూడా తూగలేదు. ఆమె కడుపుతో ఉన్న నెలలన్నీ అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఆమె పేరుకెదురుగా టిక్కు ఉంది. కాగితం ప్రకారం ఆమె రోజూ అన్నం, పప్పు, గుడ్డు తిన్నది, పాలు తాగింది. బరువు తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయని నర్సమ్మ చెప్పింది. నిజమే. కానీ ఆ టిక్కులు మాకు మింగుడు పడలేదు.

మేము కోనరావుపేట మండలంలో ఒక లంబాడీ తండా వాళ్లం, ఒకే ఇంటి పిల్లలం ముగ్గురం. 2015 జనవరి 1న తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి మొదలైనప్పుడు బడిలో ఉన్నాం. గర్భిణులు, బాలింతలు కేంద్రానికే వచ్చి ఒక పూట నిండుగా తినాలన్నది దాని పద్ధతి. ఇంటికిస్తే ఇల్లంతా పంచుకుంటారు, అక్కడే తింటే ఆమె కడుపులోకే పోతుందని లెక్క. లెక్క మంచిదే.

వదినను కూర్చోబెట్టి అడిగాం. కేంద్రం ఊర్లో ఉంది, మధ్యలో వాగు. పత్తి ఏరే రోజుల్లో పొద్దున కైకిలికి పోతే పొద్దుగూకినాకే ఇల్లు. పత్తికి కిలో చొప్పున కూలి, ఏరని గంటకు పైసా రాదు. అందుకని మా యాడి పోయి డబ్బాలో తెచ్చేది. గుడ్డు అక్క పిల్లలకు సగం సగం పోయేది. ఒకటి రెండుసార్లు మేమే తిన్నాం. ఇది దాచిపెట్టి మిగతాది రాయడం దండగ.

యాడిని అడిగితే మా భాషలో ఒక మాట అన్నది. తెలుగులో చెప్పాలంటే, "కడుపుతో ఉన్నోళ్లు ఎక్కువ తింటే పిల్ల పెద్దగైతది, కాన్పు కష్టమైతది." ఆమె ఐదు కాన్పులూ ఇంట్లోనే అయినయి. బిడ్డ అడ్డం తిరిగితే ఎడ్లబండి తప్ప దిక్కులేని రోజులు చూసిన మనిషి. ఆ భయాన్ని నవ్వి తీసేయడానికి మాకు నోరు రాలేదు.

మాలో చెల్లె సోషల్ వర్క్ పీజీ చదువుతోంది. ఆమె తన పాఠంలోని బంగ్లాదేశ్ కథ చెప్పింది. 1980లో తమిళనాడులో మొదలై పేరు తెచ్చుకున్న పోషకాహార పథకాన్ని చూసి, 1995లో అక్కడ అట్లాంటిదే పెట్టారు. తల్లులకు నేర్పిస్తే పిల్లలకు బాగా పెడతారని నమ్మారు. 2005లో ప్రపంచ బ్యాంకు మూల్యాంకన విభాగం తరఫున హోవార్డ్ వైట్ బృందం చూస్తే పిల్లల బరువు ఆశించినంత పెరగలేదు. అక్కడ సంతకు పోయేది మగవాళ్లు, అత్త ఉన్న ఇంట్లో మాట చెల్లేది అత్తది. పాఠం మాత్రం కోడలికి చెప్పారు.

ఇట్లా చూసే పద్ధతిని సిద్ధాంత ఆధారిత మూల్యాంకనం అంటారట. కారల్ వైస్ అనే అమెరికా పండితురాలు దీని గురించి చాలా రాసింది. పేరు బరువుగా ఉంది గానీ పని తేలిక. పథకం మొదటి నుంచి చివరి దాకా ఏది జరిగితే ఏది జరుగుతుందని అనుకున్నారో గొలుసులా రాసుకుని, ఒక్కో కొక్కెం లాగి చూడడం. మేము పాత క్యాలెండర్ వెనుక రాశాం: వండారు, ఆమెకు తెలిసింది, రాగలిగింది, తానే తిన్నది, ఇంట్లో తిండి తగ్గించలేదు, బిడ్డకు బలం వచ్చింది. రిజిస్టర్‌కు మొదటి కొక్కెం ఒక్కటే తెలుసు.

ఇక్కడ మాకో అనుమానం కూడా ఉంది. ఈ పద్ధతితోనే తప్పంతా అత్త మీదికి తోసేయొచ్చు. గిరిజనులకు అవగాహన లేదనే మాట విని విని విసిగిపోయాం. మా గొలుసు ముందు తెగింది వాగు దగ్గర, కూలి దగ్గర. యాడి దాకా వచ్చేసరికి అప్పటికే చేతిలో డబ్బా ఉంది.

సార్లకు, టీచరమ్మలకు ఒక్క మనవి. మీ పిల్లలతో సర్వే చేయిస్తే 'అందిందా' అన్న గడి పక్కన 'ఎవరు తిన్నారు', 'ఎందుకు రాలేదు' అని ఇంకో రెండు గడులు గీయించండి.

వదినకు ఇప్పుడు మళ్లీ ఆరో నెల. ఈసారి బరువు చూపించడానికి పోతూ యాడిని వెంట తీసుకుపోయాం. నర్సమ్మ చెప్పిందంతా వినింది, తల ఊపింది. లేచేముందు కేంద్రం టీచరును అడిగింది, "పత్తి ఏరుడు అయ్యేదాకా మీరే అన్నం చేను కాడికి తెస్తే కాదా?"

టీచరు జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నను క్యాలెండర్ వెనుక రాసి పెట్టుకున్నాం.