పెంకు ఒలవకండి

సైనిక్‌పురిలో మా గదిలో థర్మాకోల్ డబ్బా, బల్బు, చిన్న ఫ్యాన్‌తో ఇంక్యుబేటర్ చేసుకున్నాం. ఊరి నుంచి తెచ్చిన 10 నాటుకోడి గుడ్లు పెట్టాం. 37.5 డిగ్రీల వేడి, గిన్నెలో నీళ్ళు. 18వ రోజు దాకా రోజుకు మూడుసార్లు తిప్పాం.

21వ రోజు ఎనిమిది పిల్లలయ్యాయి. రెండు మాత్రం పెంకుకు చిల్లు పెట్టి ఆగిపోయాయి. ఆగలేక ఒకదాని పెంకు మేమే ఒలిచాం. లోపలి పొరలో నెత్తురు ఇంకా ఇంకలేదు. అది బతకలేదు. మాలో ఒకడు ఇంటికి ఫోన్ చేస్తే, "పొదిగే కోడి ఎప్పుడన్నా తొందరపడిందారా?" అంది వాళ్ళమ్మ.

రెండోదాన్ని ముట్టుకోలేదు. తెల్లారేసరికి తనే వచ్చింది. కాళ్ళు ఎడంగా జారిపోతున్నాయి. గోనెగుడ్డ పరిచి, మెత్తటి పట్టీతో కాళ్ళు దగ్గరికి కట్టి, బల్బు కింద ఉంచాం. ముక్కు తడిపి నీళ్ళు అలవాటు చేశాం. మూడో రోజు నిలబడింది.

హాస్టల్‌కి కొత్తగా వచ్చి నోరు విప్పని తమ్ముణ్ణి కూడా మేమిప్పుడు తొందరపెట్టడం లేదు.