నడమంత్రపు నొప్పి

నడమంత్రపు సిరి నరాల మీద కురుపు అన్నారు పెద్దలు. సిరి సంగతి నాకు తెలీదు. నరాల సంగతి మాత్రం, ఆరేళ్ళుగా ఈ నడుం నొప్పితో కాపురం చేస్తున్నాను గనుక, నాలుగు ముక్కలు చెప్పగలను.

డిగ్రీ రెండో ఏట మొదలైంది. కిందపడింది లేదు, బరువెత్తింది లేదు. చెప్పా పెట్టకుండా వచ్చిన చుట్టంలా మూడు వారాలుండి వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. రెండు నెలల తర్వాత పెట్టే బేడాతో సహా దిగింది. అప్పట్నించీ ఇంతే, రావడం, పోవడం.

మొదటి వైద్యం మా ఊళ్ళో తన్నుతో జరిగింది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే నడుం పట్టు వదులుతుందని మనవైపు నమ్మకం కదా! మా వీధిలో అలాంటి అర్హత ఉన్నవాడు మూడో తరగతి కుర్రాడొక్కడే. మా బామ్మ వాడికి జంతికలు ఆశపెట్టి పిలిపించి, నన్ను అరుగు మీద బోర్లా పడుకోబెట్టి తన్నించింది. వాడికి జంతికలు దక్కాయి. నాకు నొప్పి మిగిలింది.

తర్వాత అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. ఆ రాబడి అండతోనే 1908లో ఆంధ్రపత్రికను స్థాపించారు. అంటే మనవాళ్ళ నొప్పులు ఒక తెలుగు పత్రికను పోషించాయన్నమాట. నా నొప్పి వల్ల లోకానికి ఆపాటి ఉపకారం కూడా జరగలేదు.

ఇక డాక్టర్లు. మొదటాయన కండరం పట్టేసిందన్నారు. రెండో ఆయన ఎమ్మారై తీయించి, కింది డిస్కు కాస్త ఉబ్బింది, మూడు వారాలు మంచం దిగొద్దన్నారు. మంచం మీద నొప్పి రెట్టింపయింది. మూడో ఆయన అదే ఫిల్ము వెలుతురుకెత్తి చూసి, “ఇందులో ఏమీ లేదు, పరీక్షల భయం” అన్నారు. ఫిల్ము ఒకటే, తీర్పులు రెండు. ఇందులో వింత లేదని తర్వాత తెలిసింది. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూస్తే, సగం మందికి పైగా ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది. అన్ని డిస్కులూ సలక్షణంగా ఉన్నవాళ్ళు 36 శాతమే! కాబట్టి ఉబ్బు కనిపించినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు.

ఇంతకీ నన్ను ఎక్కువ బాధపెట్టింది నొప్పి కాదు. కాలు విరిగినవాడికి కట్టు సాక్ష్యం. జ్వరం వచ్చినవాడికి థర్మామీటరు సాక్ష్యం. నడుం నొప్పికి సాక్షి ఎవడు? తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. లేచేసరికి నడుం కొయ్యబారి, కింద పడిన పెన్ను తీయడానికి కూడా వంగలేకపోయేవాణ్ణి. పొద్దుటి ప్రాక్టికల్స్ పోయేవి. కాస్త నడిచేసరికి వదులయ్యేది. సాయంత్రానికి షటిల్ ఆడేవాణ్ణి. “పొద్దున మూలుగుతాడు, సాయంత్రం గెంతుతాడు. వీడిది నొప్పి కాదురా, నాటకం” అని హాస్టల్లో తీర్మానమైపోయింది. హాజరు పట్టీ కూడా ఆ మాటే అంది. కొన్నాళ్ళకి నాకూ అనుమానం పట్టుకుంది, నిజంగానే నటిస్తున్నానా అని.

నాలుగో ఆవిడ కీళ్ళవాతాల డాక్టరు. నడుం మీద చెయ్యి వెయ్యకముందే అడిగారు: “పడుకుంటే ఎక్కువవుతుందా? నడిస్తే తగ్గుతుందా? పొద్దున బిగుసుకుపోయి అరగంట దాటినా వదలదా?” మూడింటికీ ఔనన్నాను. “బాబూ, ఇది నాటకం కాదు, ఇదే లక్షణం” అన్నారు. ఏ సాక్ష్యంతో నన్ను దోషిని చేశారో, ఆ సాక్ష్యంతోనే విడుదలయ్యాను. నిజం చెప్తున్నాను, ఆ గదిలో నా కళ్ళు చెమర్చాయి.

అలాగని జబ్బుకి పేరు దొరకలేదు. ఆవిడ అనుమానం యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నువాతం మీద. దానికీ హెచ్ఎల్ఏ బి-27 అనే జన్యు లక్షణానికీ సంబంధం ఉందని 1973లో కనిపెట్టారు. నా రక్తంలో అది ఉంది. కాని అది ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి జీవితంలో ఈ జబ్బు రాదు. లేనివాళ్ళకీ రావచ్చు. ఎక్స్‌రేలో మార్పు తేలడానికి ఏళ్ళు పట్టవచ్చు. నా స్కానింగు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. “ఇప్పుడే పేరు పెట్టను. ఆరు నెలలకోసారి రా. వ్యాయామం మాత్రం మానకు” అన్నారావిడ. తెలిసీ తెలియకుండా చెప్పిన మూడు పేర్లకన్నా, తెలీదని తెలిసి చెప్పిన ఆ మాటే నాకు ధైర్యమిచ్చింది.

2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుం నొప్పి ఉన్నట్టు అంచనా. అందులో నూటికి తొంభై మందికి ఫలానా కారణమని వేలెత్తి చూపలేరట. కారణం చూపలేనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. పేరు లేని పిల్లాడు ఏడవకుండా ఉంటాడా? 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామాన్ని సిఫారసు చేసింది, నడుం బెల్టులు వద్దంది. మా అమ్మ కొనిచ్చిన బెల్టు ఇప్పుడు పరుపుచుట్టకి కట్టుతాడు.

నేను రోజూ ఐదింటికి లేచి మైదానం చుట్టూ నడుస్తున్నాను. గంటసేపు కూర్చుంటే ఐదు నిమిషాలు లేస్తాను. బాగున్న రోజున మర్నాటి పని కూడా చేసి పెట్టుకుంటాను. ఈ జబ్బు నేర్పిన పొదుపు ఇది.

చివరగా ఒక మనవి. మేష్టారూ, పాఠం మధ్యలో వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాణ్ణి అల్లరివాడనుకోకండి, నిలబడి విననివ్వండి. మిత్రులారా, సాయంత్రం మీతో ఆడినవాడు పొద్దున లేవలేనంటే నమ్మండి. నమ్మడానికి ఎమ్మారై అక్కర్లేదు.