మావారూ, బ్రేకులూ

పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు సవతి పోరు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆవిడ మా ఇంటి షెడ్డులోనే ఉంది. పుట్టింది ఇంగ్లండులో, 1967లో. పేరు ఎం.జి.బి. ఒళ్లంతా ఎరుపు, రెండే సీట్లు, నెత్తిన గుడ్డ కప్పు. మావారి మేనమామగారు పోతూ పోతూ ఆ కారును మేనల్లుడికి అప్పగించి వెళ్లారు.

పదేళ్లు ఆవిడ ముసుగు తన్ని నిద్రపోయింది. నేనూ నిశ్చింతగా ఉన్నాను. ఇంతలో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పోటీ జరిగింది గదా, దానికి మావారు వెళ్లి వచ్చారు. ఆ విద్యుత్తు కార్లలో వెనక చక్రాలకు మామూలు బ్రేకులే లేవట! మోటారే చక్రాన్ని నిగ్రహించి, ఆ శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుందట. ఆ కబుర్లు చెబుతూనే మావారు షెడ్డు తాళం తీశారు. ఏడాది తిరగకుండా ఇంజనుకు ప్రాణం వచ్చింది. ఆయనకు ఓ కోరికా పుట్టింది. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచీ నడుస్తున్న రేసు ట్రాకు మీద మామయ్య కారును ఒక్క పూట నడపాలిట. అంతకుముందు షోలవరం పాత విమాన మైదానంలో పోటీలు జరిగే రోజుల్లో మామయ్య చూడటానికి వెళ్లేవారట.

"ట్రాకు మీదికి పోయే బండికి రేసు ప్యాడ్లే ఉండాలోయ్" అని ఎక్కడినుంచో తెప్పించారు. ఖరీదెంతండీ అంటే వినబడనట్టు ఊరుకున్నారు.

మేముండేది గుడిమల్కాపూర్‌లో. దసరా ముందురోజు తెల్లవారుజామున బంతిపూలు కొందామని ఇద్దరం ఆ కారులోనే పూల మార్కెట్టుకు బయల్దేరాం. మలుపు తిరిగేసరికి ఎదురుగా రోడ్డు పక్కన పూలబుట్ట, పక్కనే ఒకామె. మావారు బ్రేకు నొక్కారు. నొక్కుతూనే ఉన్నారు. బండి పోతూనే ఉంది! ఆమె పక్కకు దూకింది గనక సరిపోయింది. బుట్ట దొర్లి బంతిపూలన్నీ రోడ్డు పాలయ్యాయి.

"గిదేం కారు సారూ! ఆగుమంటె ఆగదా? జరంతయితే నా కాలు పోతుండె!" అన్నదామె.

మావారి నోట మాట లేదు. పూలన్నిటికీ డబ్బిచ్చి, చేతులు జోడించి ఇంటికొచ్చాం. ఆ రోజు నేను కాఫీ కలుపుతుంటే నా చేతులు వణికాయి.

మెహదీపట్నం వైపు షెడ్డు నడిపే ముసలి ఉస్తాద్ వచ్చి చూశాడు. "ఇవి వేడెక్కితేగాని పట్టవు సాబ్. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రాయి మీద రాయి రాసినట్టే. పైగా మీ బండికి కాలికి సాయం చేసే బూస్టరు కూడా లేదు" అన్నాడు.

మావారికి రోషం వచ్చింది. మళ్లీ అడగడం చిన్నతనమనుకున్నారు కాబోలు, బజారుకు వెళ్లి అన్నిటికంటె మామూలు ప్యాడ్లు కొని వేయించేశారు. బండిని లారీ మీద పంపి, మేం రైల్లో మద్రాసు చేరాం.

ఆ ట్రాకు చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. నేను కంచె పక్కన గొడుగు వేసుకుని నిలబడి చుట్లు లెక్కపెడుతున్నాను. అయిదుసార్లు ఎర్ర కారు నా ముందునుంచి పోయింది. ఆరోసారి రాలేదు. తరవాతి కార్లు వచ్చాయి, మావారు రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు.

చివరికి నడిచి వచ్చారు. ఒంటి మీద గీత కూడా లేదు. కారు మలుపు దాటి మట్టిలోకి వెళ్లి ఆగిందట. దగ్గరికి వెళితే మాడిన వాసన.

అక్కడినుంచే ఉస్తాద్‌కు ఫోను చేశారు. అతను తిట్టలేదు. ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "పెడలు మెత్తగా కిందికి పోయిందా సాబ్, గట్టిగానే ఉండి బండి ఆగలేదా?"

గట్టిగానే ఉందన్నారు మావారు.

"అయితే ఆయిలు మరగలేదు. ప్యాడ్లే కాలాయి."

ఆ ప్రశ్న విలువ నాకు తరవాత తెలిసింది. బ్రేకు అంటే పరుగును వేడిగా మార్చే యంత్రం. యాభై కిలోమీటర్ల వేగం నుంచి ఆపడానికీ వంద నుంచి ఆపడానికీ పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. మామూలు ప్యాడ్లు సుమారు 300, 350 డిగ్రీలు దాటితే పట్టు వదిలేస్తాయి. బ్రేకు ఆయిలు సంగతి వేరు. డాట్-4 రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చి పాతబడితే 155కే మరగవచ్చు. మరిగితే గొట్టాల్లో బుడగలు పుట్టి పెడలు నేలకంటుతుంది.

నాకు చప్పున మా దోసె పెనం గుర్తొచ్చింది. చల్లటి పెనం మీద దోసె కాలదు. మరీ కాగితే పిండి పరుచుకోదు, గరిటెతో లేచొచ్చేస్తుంది. పెనం మంచిదా చెడ్డదా అని కాదు, ఎంత వేడికి ఏ పిండి అన్నది లెక్క.

ఇంటికొచ్చాక మావారు ఉస్తాద్ ఎదుట పీట వేసుక్కూర్చున్నారు, బళ్లో పిల్లాడిలాగా. తేలిందేమంటే, మా కారుకు ముందు చక్రాలకే డిస్కులు, వెనక డ్రమ్ములు. టైర్లు సన్నవి. ముందు ప్యాడ్లు మరీ కరకుగా పట్టినా చక్రం బిగుసుకుని జారిపోతుందే తప్ప బండి ఆగదు. అందుకని పెద్ద రేసు కార్ల ప్యాడ్లూ వద్దు, బజారు ప్యాడ్లూ వద్దు. ట్రాకు కోసం మధ్యరకం జత ఒకటి. అక్కడికి చేరాక మార్చుకోవాలి. ఊళ్లో తిరగడానికి మామూలువి. కొత్తవి వేశాక నింపాదిగా నడుపుతూ, పూర్తిగా ఆగకుండా పలుమార్లు బ్రేకు నొక్కి వాటిని డిస్కుకు మప్పాలి. వెళ్లేముందు ఆయిలూ, పాత రబ్బరు గొట్టాలూ కొత్తవి వేయాలి. ఆఖరి చుట్టు మెల్లగా తిరిగి బ్రేకుల్ని చల్లార్చాలి.

"ఇంతేనా!" అన్నారు మావారు.

"ఇంతే సాబ్. బండి ఎక్కడ నడుస్తుందో ముందు చెప్పాలె. మీరు ప్యాడ్ల పేరు చెప్పారుగాని అది చెప్పలేదు" అన్నాడు ఉస్తాద్.

మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాం. పదిహేను చుట్లు తిరిగారు. నేను పదిహేనూ లెక్కపెట్టాను.

ఇప్పుడు పూల మార్కెట్టుకు ఎర్ర కారులో వెళితే ఆ బంతిపూలామె దూరాన్నుంచే బుట్ట వెనక్కు లాక్కుని, "ఆగుతదా సారూ?" అని నవ్వుతుంది. మావారు ఏమీ అనరు. పదడుగుల ఇవతలే ఆపి, దిగి, బేరం ఆడకుండా పూలు కొంటారు.