ఐపీ అడ్రస్ చూసి పంచే ఆట

వేసవిలో డాలస్‌లో శనివారం ఉదయం తొమ్మిదయితే హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నర. ఇక్కడి మన పిల్లలు అక్కడి బాబాయి పిల్లలతో, మేనత్త పిల్లలతో ఆన్‌లైన్ గేమ్ ఆడటానికి కుదిరే వేళ అది. వాళ్లను ఒకే ఆటలో కూర్చోబెట్టాలా, చెరో సర్వర్‌కు తోలాలా అన్నది కొన్ని గేములు ఐపీ అడ్రస్ చూసి తేల్చేస్తాయి. గేమ్ కంపెనీకి ఖర్చు తక్కువ, పని తేలిక. కానీ అడ్రస్‌ను బట్టి చెప్పే ఊరు ఒక అంచనా. అంచనాతో మొదలుపెట్టడంలో తప్పులేదు, దాన్నే తీర్పు చేయడం నాకు సమ్మతం కాదు.

ఐపీ అడ్రస్‌లో ఊరి పేరేమీ ఉండదు. ఏ బ్లాకు ఏ సంస్థ పేరున రిజిస్టరైందో చూసి, మరికొన్ని ఆధారాలు కలిపి, మ్యాక్స్‌మైండ్ లాంటి కంపెనీలు డేటాబేస్ తయారుచేస్తాయి. దేశం దాకా చాలావరకు సరిపోతుంది, ఊరి దగ్గరకొచ్చేసరికి తడబడుతుంది. అమెరికాలో ఉందని తప్ప మరేమీ తెలియని అడ్రస్‌లకు మ్యాక్స్‌మైండ్ డేటాబేస్ దేశం నడిమధ్యన ఒకే బిందువు చూపేదని 2016లో బయటపడింది. అది కాన్సాస్‌లో పాట్విన్ దగ్గర పొలంలో ఉన్న ఒక ఇల్లు. 60 కోట్లకు పైగా అడ్రస్‌లు ఆ ఇంటికి అంటగట్టి ఉన్నాయి, పోలీసులు ఏళ్ల తరబడి ఆ గడప తొక్కారు. తర్వాత బిందువును ఒక చెరువులోకి జరిపారు. చేపలు ఫిర్యాదు చేయవు కదా! సరే, ఊరు సరిగ్గానే చెప్పిందనుకుందాం. అప్పుడైనా సర్వర్ ఎంత దూరమో తేలదు. 2015 ఆగస్టులో లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్ ఉత్తర అమెరికా సర్వర్లు పోర్ట్‌లాండ్ నుంచి షికాగోకు మారాయి. తూర్పు తీరంలో పింగ్, అంటే సర్వర్‌కు సందేశం పోయిరావడానికి పట్టే సమయం, తగ్గింది, పడమటి తీరంలో పెరిగింది. ఆటగాళ్లు ఉన్నచోటే ఉన్నారు, రీజియన్ పేరూ మారలేదు.

కాబట్టి గేమే నాలుగైదు చోట్లకు పింగ్ పంపి కొలుచుకోవాలి, డోటా 2లో వాల్వ్ చేస్తున్నట్టు. అలా కొలిచి సర్వర్‌ను ఆటగాడినే ఎంచుకోనిస్తే దూరం నుంచి వచ్చినవాడు అందరి ఆటా చెడగొడతాడంటారు. గట్టి అభ్యంతరమే. షూటింగ్ గేముల్లో ఆలస్యంగా అందిన గుండుకు న్యాయం చేయడానికి సర్వర్ కాలాన్ని కాస్త వెనక్కి తిప్పి చూస్తుంది, ఈలోగా గోడచాటుకు చేరినవాడు అక్కడే చస్తాడు. ఫైబర్‌లో వెలుగు వెయ్యి కిలోమీటర్లు పోయిరావడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. హైదరాబాద్ ఇక్కడికి 14,000 కిలోమీటర్ల పైమాటే, కాబట్టి 140కి తగ్గే ప్రశ్నే లేదు. ర్యాంకు పోటీల్లో పింగ్‌కు హద్దు పెట్టండి, ఒప్పుకుంటాను. ఆ హద్దు వైఫై సరిగాలేని పక్కింటివాడికీ వర్తించాలి. అన్నదమ్ముల పిల్లలు తమలో తాము ఆడుకునే ప్రైవేటు గదిలో మాత్రం ఎవరికి నష్టం? లైసెన్సులు, నిషేధాల కోసం దేశం తెలియాలన్నది మరో వాదన. 2020లో ఇండియా పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినట్టు ఏ దేశమైనా నిషేధించవచ్చు. దానికి దేశం పేరు చాలు, సర్వర్ కేటాయింపుతో దాన్ని ముడిపెట్టనక్కర్లేదు. పైగా తాళం వేసిన రీజియన్‌లోకి పిల్లలు వీపీఎన్ పెట్టుకుని దూరతారు. దారి మరింత చుట్టు తిరిగి పింగ్ ఇంకాస్త పెరుగుతుంది, డేటాబేస్ మాత్రం డాలస్ పిల్లవాడు ముంబయిలో ఉన్నాడనుకుంటుంది.