దాచేవాడు చెక్కడు

హైదరాబాద్ ధూల్‌పేటలో రాతి మీది నిధి గుర్తులు చదివే పెద్దాయన ఒకాయన ఉన్నాడట, పోయి రాసుకురమ్మని ఎడిటర్ గారు పురమాయించారు. ఆషాఢ మాసం. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ మీదుగా మూసీ దాటి ఆ గల్లీల్లోకి దిగితే అడుగడుగునా తెల్లటి వినాయకులే. రంగు పడనివి, తొండం అతకనివి, టార్పాలిన్ల కింద వరసగా కూర్చున్నవి. వాటి మీద ఏటా కావలసినన్ని వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. తీరా చూస్తే నేను వెతుక్కుంటూ పోయిన మనిషి కూడా వినాయకులు చేసేవాడే.

ఆయనకు గుర్తులు చదవడం తెలియదు. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు. కాకపోతే ఎలాంటి చెక్కడానికైనా అచ్చు తీయగలడు. అరిగిపోయిన రాతి బొమ్మకు అచ్చు ఎలా తీయాలో నేర్చుకుందామని ఎప్పుడో ఒక యూనివర్సిటీ కుర్రాడు వచ్చాడట. ఆ కబురు నోళ్లు మారి మారి, రాయి రహస్యం విప్పే ఉస్తాద్ అని పేరు పడింది. అప్పట్నుంచి గుప్తనిధుల వాళ్లు ఆయన్ను వదలడం లేదు.

నేను వెళ్లేసరికి వినాయకుడి చెవి పోస్తున్నాడు. కొబ్బరి పీచును కలిపిన ప్లాస్టర్‌లో ముంచి, కాస్త పిండి, అచ్చు లోపలి గోడకు పరుస్తున్నాడు. బిగుసుకునేలోపే పని కావాలి. అందుకని మాట ఆగినా చెయ్యి ఆగదు. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్లతో పొంతన లేకుండా వెడల్పుగా పరుచుకుపోయి ఉంది. చిన్నప్పట్నుంచీ అచ్చుల్లోకి అదిమీ అదిమీ అలా అయిందట.

అంతలో ఇద్దరు యువకులు బైకు మీద దిగారు. వికారాబాద్ వైపు నుంచి వచ్చామన్నారు. ఒకడి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో డీటీపీ చేయించిన వంశవృక్షం. పై నుంచి కిందికి ఏడు తరాలు, మధ్యలో ఒక పేరు చుట్టూ ఎర్ర గీత. ఆయన అతని ముత్తాత. రజాకార్ల రోజుల్లో ఇంటి బంగారమంతా పొలంలో పూడ్చి, చెప్పకుండానే పోయాడని ఇంట్లో చెప్పుకుంటారట. తెలంగాణలో కాస్త భూమి ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఇలాంటి కథ ఒకటి దొరుకుతుంది. ఈ అబ్బాయి మాత్రం కథతో ఆగలేదు, చట్టం కూడా చదువుకున్నాడు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. అది వందేళ్లలోపు దాచినదై, దాచినవాడి వారసుణ్నని ఎవరైనా రుజువు చూపిస్తే వాళ్లకే చెందుతుంది. వంశవృక్షం అందుకే వేయించాడు. తాతల పేర్లు ఆ కాగితంలో సాక్షుల సంతకాలుగా ఉన్నాయి తప్ప తాతలుగా లేవు.

రెండోవాడు గోనెసంచి విప్పాడు. మూరెడు రాతి ముక్క. ఒక పక్క పాతది, నాచు పట్టి నల్లబడింది. ఇంకో పక్క సమ్మెట దెబ్బకు పగిలి తెల్లగా మెరుస్తోంది. నాకు అక్కడే ఒళ్లు మండింది.

"ఉస్తాద్, సూర్యుడు బంగారం, చంద్రుడు వెండి. కింద ఆవుంది. ఆవు మొహం ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకు తవ్వాలంటరు. మొహం సరిగ కనిపిస్తలేదు, జర అచ్చు తీసి చూపియ్యి."

ఆయన ఏమీ అనలేదు. చెవి పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. రాయిని తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, సుద్దపొడి చల్లి ఉఫ్‌మని ఊదాడు. వినాయకుల కోసం పిసికి ఉంచిన మట్టిలోంచి ముద్ద తీసి, నడుమ నుంచి అంచులకు బొటనవేలితో అదుముతూ పోయాడు. గాలి చిక్కుకుంటే గీత పోతుందట. కాసేపు చాయ్ తాగి, ఒక మూల పట్టుకుని మట్టిని నెమ్మదిగా లేపాడు. రాతి మీద కంటికి ఆననివన్నీ మట్టి మీద ఉబ్బి లేచాయి. నెలవంక, గుండ్రటి సూర్యుడు, ఆవు వెనక కాళ్లు, తోక. ఆవు మొహం లేదు. పగిలిన చోటే అది ఉండాలి. దాని కింద, ఎవరూ చూడనివి, రెండు వరసల అక్షరాలు.

ఫోన్‌తో ఫొటో తీసి తిరగేసి చూశాను. పై వరసలో 'స్వస్తి' తెలుస్తోంది. కింది వరసలో కూడబలుక్కుంటే 'కొడుకు' అని ఉంది. ఎవరి కొడుకు, ఆ కొడుకు పేరేమిటి అన్నది పొలంలోనే పగిలిపోయింది. అక్షరాల మలుపు చూస్తే కాకతీయుల కాలానికి కాస్త అటో ఇటో కావచ్చనిపించింది.

"మీ ముత్తాత దాచింది మొన్నమొన్న, ఈ రాయి ఎనిమిది వందల ఏళ్లనాటిది. దీనికీ ఆయనకూ ఏం సంబంధం?" అన్నాను.

"మర్చిపోకుండ ఉండనీకి ఉన్న రాయి పక్కనే పెడ్తరు కద సార్" అన్నాడు. ఒప్పుకోదగ్గ జవాబే. కానీ అదే నిజమైతే రాయిని కదిలించడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. ఆనవాలుగా పనికొచ్చేది అది నిలబడ్డ చోటు. పగలగొట్టి సంచిలో వేసుకున్నాక, బంగారం ఉన్నా లేకపోయినా, దారి వాళ్లే చెరిపేసుకున్నారు.

అప్పుడు నోరు విప్పాడు ఉస్తాద్. "బేటా, నేను యాభై ఏండ్ల సంది బొమ్మలు చేస్తున్న. దాసేటోడు చెక్కుతడా? చెక్కేది నలుగురు సూడాల్నని. ఇంత కష్టపడి రాయి మీద గీసిండంటే ఊరందరికీ చెప్తుండు. మీకేమో గది చెవుల చెప్పినట్టు ఇనపడ్తది."

పుస్తకాలు తిరగేసిన నేను చెప్పవలసిన మాట అది. దానశాసనాల మీద సూర్యచంద్రులు ఉండేది ఆ ఇద్దరూ ఉన్నంతకాలం ఈ దానం చెల్లాలని. ఆవూ దూడా, లింగం, ఖడ్గం కూడా ఆ కాలపు శాసనాల మీద మామూలే. గుడికో చెరువుకో ఇచ్చిన భూమి ఫలానాదని, దాని జోలికి రావద్దని ఊరికి చాటింపు. దానం చేసిన భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడనే శాపం కూడా చాలా శాసనాల చివర చెక్కి ఉంటుంది. వీరగల్లు మీద విల్లు పట్టినవాడు ఊరి కోసం ప్రాణం ఇచ్చిన మనిషి, బాణం దిక్కు చూపించేవాడు కాడు. సతి రాయి మీద గాజుల చెయ్యి దూరం కొలిచే చెయ్యి కాదు. రావిచెట్టు కింది నాగశిల పిల్లల కోసం మొక్కుకున్న ఏ తల్లిదో. వీటన్నిటినీ తాళంచెవులనుకుని రాత్రిళ్లు పెకలిస్తున్నారు. పొట్టలో వజ్రాలుంటాయని నందుల్ని పగలగొడుతున్నారు.

ఈ పిచ్చికి కుర్రాళ్లను మాత్రమే అనడం న్యాయం కాదు. 2012 డిసెంబరులో మన సైఫాబాద్‌లోనే, విద్యారణ్య స్కూలు ఆవరణలోని గుట్టను నిధి ఉందన్న మాట మీద పురావస్తు శాఖే తవ్వించింది. మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో ఒక సాధువు కలలో వెయ్యి టన్నుల బంగారం కనబడితే కేంద్ర పురావస్తు శాఖ పలుగులు పట్టుకుంది. 2017 చివర్లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే తవ్వకాలు మొదలయ్యాయి. అక్కడ ఎముకలు బయటపడ్డాయి తప్ప బంగారం కనిపించలేదు. సర్కారే పలుగు పట్టాక వికారాబాద్ కుర్రాడికి బుద్ధి చెప్పేదెవరు?

నిధి దొరకదని కాదు. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె బయటపడింది. యంత్రం తగిలి దొరికింది, గుర్తులు చదివి కాదు. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో పద్ధతి ప్రకారం తవ్వుతున్న పురావస్తు శాఖకు మట్టికుండలో 3,730 నాణేలు దొరికాయి. అన్నీ సీసంవి, ఇక్ష్వాకుల కాలానివి. గుప్తనిధుల ముఠా చేతిలో పడి ఉంటే కుండ పగలగొట్టి, ఛీ సీసం అని విసిరేసి పోయేవాళ్లు.

యువకులు సంచి కట్టుకుంటున్నారు. ఉస్తాద్ చూపు మాత్రం వంశవృక్షం మీదే ఉంది. అందులో ఆడవాళ్ల పేర్లున్నాయా అని అడిగాడు. లేవన్నాడు అబ్బాయి.

"మా దాంట్ల ఉండె" అన్నాడు ఆయన. ధూల్‌పేట లోధీలు చాలామంది తమ పెద్దలు బుందేల్‌ఖండ్ నుంచి ఫౌజులతో వచ్చారని చెప్పుకుంటారు. ఈయన చిన్నతనంలో అక్కడి నుంచే వంశాలు చెప్పే కులం భాట్ వచ్చేవాడట, తరాల పేర్లు రాసిన, ఎర్రగుడ్డ కట్టిన బహీ చంకలో పెట్టుకుని. గల్లీలో చాప వేసుకుని ఇంటింటి పేర్లూ పాడి, పుట్టినవాళ్లను రాసుకుని, ధాన్యమో బట్టో తీసుకుని పోయేవాడట. "మా నాయిన పోయినంక మల్ల రాలే. నా బిడ్డల పేర్లు గా బహీల ఎక్కనే లేదు. ఎవడస్తడో బంగారం యాడుందని అడుగుతడు. మీ తాత ఎవరని అడిగినోడు ఒక్కడు లేడు."

తెలుగువాళ్లకూ ఆ మనుషులు ఉన్నారు. ఇప్పుడు వంశరాజ్ అని పిలుస్తున్న పిచ్చిగుంట్లవాళ్లు కళ్లాల దగ్గరికి వచ్చి ఇంటిపేరూ గోత్రమూ తరాలూ కథగా చెప్పి తమ వాటా గింజలు అడిగేవాళ్లు. వాళ్లను యాచకుల్లో కలిపేసి గడప దిగమన్నాం. ఇప్పుడు దస్తావేజుల కోసం డీటీపీ సెంటర్‌లో వంశవృక్షం వేయించుకుంటున్నాం.

రెండు వందల ఏళ్ల కిందట ఇదే నేల మీద ఈ ప్రశ్నలే అడుగుతూ తిరిగిన తెలుగువాళ్లు ఉన్నారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య. మీ వంశం ఎక్కడిది, ఈ రాయి మీద ఏముంది అని ఊరూరా విచారించారు. 1803లో చిన్నవయసులోనే పోయిన బొర్రయ్య పాత కన్నడ శాసనాలు చదవడానికి పడ్డ పాట్లు పండితులు ఇప్పటికీ తలుచుకుంటారు. వాళ్ల చేతుల మీదుగా వచ్చిన కైఫియత్తులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, లేకపోతే ఎన్నో ఊళ్లకు చరిత్రే లేదు.

వంశమూ రాయీ ఒక్కచోట కలిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్టకు పోవాలి. పదో శతాబ్దంలో జినవల్లభుడు అక్కడ చెక్కించిన శాసనంలో కన్నడ ఆదికవి పంపడు తన అన్న అని, తమ తల్లిదండ్రులు ఫలానా అని ఉంది. అందులోనే తెలుగు కంద పద్యాలు కూడా ఉన్నాయి. తెలుగు ప్రాచీన హోదా వాదనకు అది పెద్ద బలమైంది. ఒక తమ్ముడు తన ఇంటివాళ్ల పేర్లు బండ మీద చాటి చెబితే రెండు భాషల చరిత్ర నిలబడింది. ఆ బండనూ గ్రానైటు క్వారీల బారి నుంచి కాపాడుకోవడానికి నానా తంటాలు పడవలసి వచ్చింది.

పొలాల్లో పడి ఉన్న శాసనాల్ని చదివి అచ్చువేస్తున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొత్త తెలంగాణ చరిత్ర బృందం లాంటివాళ్లు సొంత ఖర్చులతో తిరుగుతున్నారు. వాళ్లు ఊరికి చేరేలోపు సమ్మెట చేరుతోంది. ఎందుకు చేరదు? నిధికి వారసుడు లేకపోతే, మరే ఒప్పందమూ లేనప్పుడు, దొరికించుకున్నవాడికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు అని 1878 చట్టం లెక్క కట్టి మరీ చెబుతోంది. తన పొలంలో అక్షరాల రాయి ఉందని కబురు పెట్టిన రైతుకు ఏ చట్టమూ దమ్మిడీ ఇవ్వదు. పైగా భూమి పోతుందేమోనని భయం. ఆ రైతుకు కొంత సొమ్ము ఇవ్వండి. రాయిని అక్కడే గద్దె కట్టి నిలబెట్టండి. చూపించిన మనిషి పేరు, అతని తల్లిదండ్రుల పేర్లతో సహా, పక్కన చెక్కించండి. నాలుగు ఊళ్లలో అలా చేస్తే సమ్మెట పట్టినవాణ్ని ఊరివాళ్లే ఆపుతారు, పోలీసులు అక్కర్లేదు.