చీరాల మురుగు కాలువల వెంట: రసాయనాల దారిలో జలచరాలు

గుంటూరు, ప్రకాశం మైదానంలో పత్తికీ మిరపకూ కొట్టిన పురుగుమందులో ఆకుకు పట్టగా మిగిలిన భాగం నేల మీద పడి, వాన కురిసినప్పుడు మట్టితో పాటు వాగుల్లోకి దిగి, మాగాణి పొలాల మురుగుతోనూ ఊళ్ల వాడుక నీటితోనూ కలిసి సముద్రం వైపు సాగుతుంది. ఆ నీరు సముద్రాన్ని చేరే చోట్లలో చీరాల పరిసరం ఒకటి. 1970 వరకు గుంటూరు జిల్లాలోనూ, ఆ తరువాత ప్రకాశం జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలోనూ ఉన్న ఈ పట్టణానికి నేత వల్ల వచ్చిన పేరు దేశమంతటా తెలిసినదే. నీటిని బట్టి చూస్తే మాత్రం, ఎగువన ఎవరెవరో తీసుకున్న నిర్ణయాల ఫలితమంతా ఒకచోట చేరే దిగువ ఊరు ఇది. జాండ్రపేట అద్దకపు చోట్ల నుంచి ఈపూరుపాలెం మీదుగా వాడరేవు వరకు సాగిన ఈ పర్యటన ఉద్దేశం రెండు విషయాలను స్థలం చూస్తూ అర్థం చేసుకోవడం: నీటిలో కలిసే రసాయనాలు చేపలకూ రొయ్యలకూ పీతలకూ ఏమి చేస్తాయన్నది ఒకటి, ఆ హాని చాలాకాలం కంటికి ఎందుకు కనిపించదన్నది రెండవది.

నీటి దారి

కృష్ణా పశ్చిమ డెల్టాలో సాగునీటి కాలువ, మురుగు కాలువ వేర్వేరు పనులు చేస్తాయి. కొమ్మమూరు కాలువ వంటివి నీటిని పొలానికి తెస్తాయి. డ్రెయిన్లని అందరూ పిలిచే మురుగు కాలువలు పొలం విడిచిన నీటిని సముద్రానికి తీసుకుపోతాయి. చీరాల చుట్టూ రొంపేరు, కుందేరు, ఈపూరుపాలెం స్ట్రెయిట్ కట్ ఈ రెండవ పని చేస్తున్నాయి. ఇక్కడ తీరానికి సమాంతరంగా ఇసుక దిబ్బలు వరుసగా ఉండటం వల్ల నీరు తిన్నగా సముద్రంలోకి పోలేక దిబ్బల వెనుక నిలుస్తుంది గనుక, దిబ్బను కోసి నీటికి దారి ఇచ్చే తిన్నని కాలువ అవసరమైంది. నెమ్మదిగా కదిలే ఇలాంటి నీటిలో మట్టి అడుగుకు దిగి పేరుకుంటుంది. మట్టిరేణువులకు అంటుకుని వచ్చిన రసాయనాలు కూడా దానితోపాటు అక్కడే నిలిచిపోతాయి.

ఈ కాలువల్లో గుర్రపుడెక్క కమ్మిన చోట కూడా కొర్రమీను, మట్టగిడస బతుకుతాయి. వీటికి మొప్పలతో పాటు తల లోపల గాలి పీల్చుకునే అర ఉండటం వల్ల, నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు పైకి వచ్చి గాలి మింగి తట్టుకుంటాయి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి చేపలకు ఆ వీలు లేదు. కాబట్టి కాలువలో చేప కనిపించినంత మాత్రాన నీరు బాగుందని నిర్ధారించలేము. అక్కడ ఏ జాతులు మిగిలాయి, ఏవి పోయాయి అన్న ప్రశ్నకు జవాబు దొరికినప్పుడే నీటి స్థితి బయటపడుతుంది.

అద్దకం విడిచే నీరు

నూలుకు నూనె, ఆముదపు కాయల బూడిద పట్టించి ఎరుపు, నలుపు రంగుల్లో నేసిన తేలియా రుమాళ్లతో ఒకప్పుడు విదేశాలకు పేరు మోసిన చీరాల ప్రాంతంలో, నేడు అద్దకం ఎక్కువగా కృత్రిమ రంగులతోనే జరుగుతుంది. వాట్ రంగు నీటిలో కరగదు గనుక, దానిని కరిగించడానికి కాస్టిక్ సోడా, అద్దకందారులు హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ వాడతారు. రంగు నూలుకు పట్టిన తరువాత చిలపలను జాడించిన నీటిలో పట్టని రంగుతో పాటు ఈ రెండూ మిగులుతాయి. హైడ్రోస్ తన స్వభావం చొప్పున నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును పట్టేస్తుంది. కాస్టిక్ నీటి క్షారగుణాన్ని, అంటే పీహెచ్ అనే కొలతలో 7కు పైన ఉండే గుణాన్ని, పెంచుతుంది. రంగు వెలుతురును అడ్డుకొని, చేపల ఆహారానికి మూలమైన సూక్ష్మ పాచిని ఎదగనివ్వదు. అజో రంగులు గాలి సోకని అడుగు బురదలో విడిపోయినప్పుడు వాటి నుంచి ఆరోమాటిక్ అమీన్లు అనే పదార్థాలు పుడతాయి. ఇవి తమ మూల రంగు కంటే ఎక్కువ హానికరం కావచ్చు గనుక, నీటి రంగు పోవడాన్ని నీరు శుభ్రపడటంగా లెక్కించరాదు.

అద్దకపు నీరు ఒంటరిగా చేసే హాని కంటే, అది పట్టణపు మురుగుతో కలిసినప్పుడు జరిగే హాని తీవ్రంగా ఉండవచ్చు. పొలంలోని యూరియా నుంచీ ఇళ్ల మురుగు నుంచీ వచ్చే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. అందులో అయాను రూపం చేపకు అంతగా హాని చేయదు; మొప్పల గుండా రక్తంలోకి సులువుగా చొరబడే రెండవ రూపమే విషం. సుమారు 25 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో, పీహెచ్ 7 ఉన్న నీటిలో ఈ విషరూపం మొత్తం అమ్మోనియాలో 1 శాతం కూడా ఉండదు, పీహెచ్ 9కి పెరిగితే మూడో వంతు దాటుతుంది. ఒక వీధి నుంచి వచ్చిన కాస్టిక్, మరొక వీధి నుంచి వచ్చిన అమ్మోనియా విడివిడిగా చేయలేని పనిని కాలువలో కలిసి చేస్తాయి. ఏ ఒక్క ఇంటినో, ఏ ఒక్క వృత్తినో నేరస్థానంలో నిలబెట్టినంత మాత్రాన ఈ సమస్య తీరకపోవడానికి కారణం ఇదే.

పొలం విడిచే మందు

1980లలో శనగపచ్చ పురుగు పత్తిని నాశనం చేసినప్పుడు ఈ జిల్లాల రైతు పైరెత్రాయిడ్ల వైపు మళ్లాడు. 2021–22లో నల్ల తామర పురుగు మిరపను ముంచినప్పుడు ఒక మందు పనిచేయక మరొకటి, రెండూ పనిచేయక రెండింటి మిశ్రమం పిచికారీ చేశాడు. అప్పు తెచ్చి మందు కొన్న రైతు, వల ఖాళీగా లాగిన జాలరి ఒకే కష్టానికి రెండు కొసల్లో ఉన్నారన్న ఎరుక లేకుండా ఈ విషయాన్ని చర్చించడం న్యాయం కాదు.

సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ వంటి పైరెత్రాయిడ్లు నరాల్లో సంకేతం ప్రవహించే సోడియం ద్వారాలను మూసుకోనివ్వక, కండరాలను వణికించి జీవిని చంపుతాయి. క్షీరదాల శరీరం ఈ మందును త్వరగా విరగ్గొట్టి బయటికి పంపుతుంది; చేప శరీరంలో ఆ పని చాలా నెమ్మదిగా జరుగుతుంది, పైగా మొప్పలు దానిని నీటి నుంచి వేగంగా లోపలికి తీసుకుంటాయి. ఫలితంగా లీటరు నీటిలో 10 మైక్రోగ్రాముల లోపు మోతాదు, అంటే గ్రాములో లక్షో వంతుకు మించని పరిమాణం, ఎన్నో జాతుల చేపలను చంపడానికి సరిపోతుంది. క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు మరో దారి పడతాయి. నరం నుంచి నరానికి సంకేతం అందించిన రసాయనాన్ని వెంటనే తొలగించే ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమును అవి అణచివేస్తాయి. అలా దెబ్బతిన్న చేప చావకపోవచ్చు కానీ, తిన్నగా ఈదలేదు, ఎరను పట్టలేదు, కొంగ నుంచి తప్పించుకోలేదు. ఎండోసల్ఫాన్ అతి స్వల్ప మోతాదులోనే చేపలను చంపే మందు. సుప్రీంకోర్టు 2011 మే 13న దాని వాడకాన్ని నిలిపివేసింది.

రొయ్య, పీతల విషయం ఇంకా గంభీరమైనది. పురుగుకూ రొయ్యకూ ఒకే వంశపు పోలికలుండటం వల్ల, పురుగు కోసం చేసిన మందు రొయ్య శరీరానికి సరిగ్గా సరిపోతుంది. నొవాల్యురాన్, లుఫెన్యురాన్ వంటి మందులు పురుగు కుబుసం విడిచి కొత్త చర్మం తొడుక్కునేటప్పుడు అవసరమయ్యే కైటిన్‌ను తయారు కానివ్వవు; రొయ్యకూ పీతకూ పెంకు ఆ కైటిన్‌తోనే ఏర్పడుతుంది. సముద్రంలో పుట్టిన పిల్ల రొయ్యలు ఉప్పూ తీపీ కలిసిన మొగల్లోకీ వెనుక జలాల్లోకీ వచ్చి, పలుమార్లు పెంకు విడుస్తూ పెరిగి, తిరిగి సముద్రానికి పోతాయి. పత్తికీ మిరపకూ పిచికారీలు జోరుగా సాగే నెలల్లోనే అక్టోబరు, నవంబరు తుఫాను వానలు పొలాన్ని కడిగి డ్రెయిన్లను నింపుతాయి. అలా మందు ఎక్కువగా దిగే కాలంలో, దానిని తట్టుకునే శక్తి అతి తక్కువగా ఉన్న పిల్ల జీవులు మొగల వద్ద దొరికిపోయే ప్రమాదం ఉంది.

ప్రయోగశాల చెప్పేది, చెప్పలేనిది

ఈ మైదానపు జలచరాలపై శాస్త్రీయ పరిశీలన కోసం దూరం వెళ్లనక్కరలేదు. 1976లో స్థాపితమైన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగపు పరిశోధకులు ఇక్కడి రైతు వాడే మందులనే తీసుకొని, ఇక్కడి కాలువల్లో దొరికే మట్టగిడస, శీలావతి, ఎర్రమోసులపై ఏళ్ల తరబడి పరీక్షలు చేశారు. ఇలాంటి పరీక్షలో తొలి కొలత ఎల్‌సీ 50. నిర్ణీత కాలంలో, సాధారణంగా 96 గంటల్లో, తొట్టిలోని చేపల్లో సగం చనిపోయే గాఢత అని దాని అర్థం. తరువాత ఆ గాఢతలో చిన్న వంతును మాత్రమే కలిపి, చావని చేపలో వచ్చే మార్పులను చూస్తారు. మొప్పల మీది పలుచని రేకులు వాచి ఒకదానికొకటి అతుక్కోవడం, మొప్పలు జిగురుతో నిండటం, కాలేయ కణాలు క్షీణించడం, మెదడులో ఎస్టరేజ్ తగ్గడం, గుడ్లు సరిగా ఎదగకపోవడం వంటివి ఆ మార్పుల్లో ముఖ్యమైనవి. వాచిన మొప్పతో బతికిన చేప వేసవిలో ప్రాణవాయువు కొంచెం తగ్గినా తట్టుకోలేదు గనుక, అప్పుడు కనిపించే చావుకు అసలు కారణం ఎన్నో వారాల కిందటే నీటిలో చేరి ఉంటుంది.

అయితే తొట్టిలో ఒక మందు ఉంటుంది, కాలువలో అనేకం ఉంటాయి. తొట్టిలో చేపకు మేత వేస్తారు, కాలువలో దాని మేత కూడా అదే విషంలో పెరుగుతుంది. జపానులోని షింజి సరస్సు ఈ రెండవ సంగతిని స్పష్టంగా చూపింది. చుట్టూ వరిపొలాలున్న ఆ సరస్సులోకి 1993 నుంచి నియోనికోటినాయిడ్ మందులు దిగాయి. మన పత్తి రైతుకు తెలిసిన ఇమిడాక్లోప్రిడ్ ఆ కుటుంబానికి చెందినదే. అవి చేపలను నేరుగా చంపేంత విషం కాకపోయినా, చేపలు తినే జంతు ప్లవకాలను, అంటే నీటిలో తేలే సూక్ష్మ ప్రాణులను, తుడిచిపెట్టాయనీ, వకసగి అనే చిన్న చేప దిగుబడి 240 టన్నుల నుంచి 22 టన్నులకు పడిపోయిందనీ 2019లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తెలుగు నేలపై పటాన్‌చెరులో మందుల పరిశ్రమల మురుగును శుద్ధి చేసి విడిచిన నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రజ్ఞులు, 500 పాళ్లలో ఒక పాలుగా పలుచన చేసినప్పటికీ అందులో పెంచిన కప్ప తోకపిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గిందని 2009లో ప్రకటించారు. శుద్ధి అయిందన్న మాట ప్రాణికి సురక్షితమన్న మాటతో సమానం కాదని ఈ ఫలితం హెచ్చరిస్తుంది.

వాడరేవు ముందున్న కర్తవ్యం

చీరాలకు ఆరేడు కిలోమీటర్ల దూరంలోని వాడరేవులో పడవల పక్కన కుప్పపోసిన చేపలు సముద్రపు పంట అయినా, ఆ పంటలో గణనీయమైన భాగానికి నారుమడి తీరపు మొగలూ వెనుక జలాలే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటను నిషేధించి, గుడ్లు పెట్టే చేపను కాపాడుతున్నారు. ఆ త్యాగాన్ని జాలరి భరిస్తున్నప్పుడు, అలా కాపాడిన గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు పెరిగే నీటిని కాపాడే బాధ్యత ఎగువనున్న సమాజం తీసుకోవాలి. నేడు ఆ బాధ్యతకు కొలమానం కూడా సరిగా లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో చేపల పెంపకానికి తగినదని చెప్పే ‘డి’ తరగతి నీటికి మూడే షరతులున్నాయి: పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, కరిగిన ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు, స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు మించరాదు. అందులో పురుగుమందు ఊసే లేదు; పైరెత్రాయిడ్ కలిసిన నీరు కూడా ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గగలదు.

కాబట్టి రొంపేరు, స్ట్రెయిట్ కట్ మొగల వద్ద నీటి నమూనాతో పాటు ప్రాణినీ పరీక్షించాలి. అడుగు మట్టిలో మందుల అవశేషాలను, అక్కడి చేపల మెదడులో ఎస్టరేజ్ స్థాయిని, మొగలోకి వచ్చే పిల్ల రొయ్యల సంఖ్యను ఖరీఫ్ పిచికారీలకు ముందూ తుఫాను వానల తరువాతా ఏటా నమోదు చేయడం దగ్గరలోని విశ్వవిద్యాలయానికీ మత్స్యశాఖకూ అసాధ్యమైన పని కాదు. ఏ జాతి ఎప్పుడు కనుమరుగైందో తెలిసిన జాలరుల జ్ఞాపకాన్ని కూడా ఆ నమోదులో చేర్చితే, కొలతలు లేని గతానికి కొంతైనా ఆధారం దొరుకుతుంది. అద్దకపు నీటిని ఇంటింటా విడిచిపెట్టకుండా ఉమ్మడిగా శుద్ధి చేసే ఏర్పాటుకు ఖర్చును నేతకారుడి మీద మోపకుండా ప్రభుత్వం భరించాలి. 2016 నుంచి రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ విస్తరిస్తున్న ప్రకృతి వ్యవసాయం మిరప, పత్తి పొలాల్లో పిచికారీని తగ్గించిన మేరకు, రైతు అప్పుతో పాటు డ్రెయిన్‌లోకి దిగే విషమూ తగ్గుతుంది. చేప తేలిన నాడు కారణం వెదకడం ఆలస్యమైన పని. అది ఈదుతున్నప్పుడే దాని మొప్పనూ మేతనూ పిల్లలనూ పరిశీలించి, ఆ ఫలితాన్ని ఎగువ గ్రామాల రైతు సమావేశాల్లో చెప్పగలిగితేనే పొలానికీ సముద్రానికీ మధ్య తెగిన బాధ్యత మళ్లీ కలుస్తుంది.